భోజన్న కలిపిన పాములు

మా చెల్లెలు అలివేలుమంగ ఇంట్లో పాములున్నాయని నాకు ముందు చెప్పలేదు. చెబితే నేను విమానం ఎక్కనని దానికి తెలుసు. అరబ్బు దేశంలో, దమ్మాంలో దిగి, కారులో హుఫూఫ్ చేరి, స్నానం చేసి, బట్టల మధ్య చుట్టి తెచ్చిన గోంగూర పచ్చడి సీసా పగల్లేదని మురిసిపోతూ పక్క గది తలుపు తీశాను. గాజుపెట్టెలోంచి నారింజరంగు పాము ఒకటి తలెత్తి నన్ను చూసింది. నేను వేసిన కేకకు కింది అంతస్తులోని కేరళ నర్సు చెప్పులు కూడా వేసుకోకుండా పైకొచ్చింది.

"అక్కా, అది చిట్టెమ్మే. ఏమీ చెయ్యదు," అంది చెల్లెలు, పిల్లి గురించి చెప్పినట్టు.

"పాముకి పేరు కూడానా!"

"ఆయన పెట్టారు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఒక్క ముద్దుపేరుతో పిలిచిన పాపాన పోలేదు గానీ దానికి మాత్రం పెట్టారు."

మా మరిది విశ్వనాథం ఇంజినీరు. కొందరు చిలకల్ని పెంచుకుంటారు, కొందరు చేపల్ని. ఈయన పాముల్ని. విషం లేనివేలెండి. చిట్టెమ్మ కార్న్ స్నేక్ అనే జాతిది. కార్న్ అంటే మొక్కజొన్న కదా, ఆ గింజల్లాగే కడుపు కింద గళ్లుగళ్లుగా ఉంటుంది. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు దమ్మాంలో, ఖోబర్‌లో, రియాద్‌లో చాలామంది ఉన్నారట. ఫోన్‌లో వాళ్లకొక గ్రూపు. తెల్లారి లేస్తే దేవుడి పటాల బదులు పాముల ఫొటోలు.

అయ్యో, చిట్టెమ్మ దగ్గరే ఆగిపోయాను. నేను చెప్పదలచింది భోజన్న గురించి.

భోజన్న ఆ ఇంటికి ఏసీలు కడగడానికి వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉంటుంది. కోరుట్ల దగ్గర పల్లె. మీసాలు సరిగ్గా రాకముందే ఖఫ్జీలో సిమెంటు మోయడానికి వచ్చాడట. అక్కడ కట్టెల మంచె కూలి భుజం విరిగింది. బరువులు ఎత్తలేనివాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? ఒక పాకిస్తానీ ఉస్తాదు చెంత చేరి ఏసీల పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత హుఫూఫ్‌లో అబూ తలాల్ అనే కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని దగ్గర కుదిరాడు. భార్య ముత్యవ్వ ఊళ్లో బీడీలు చుడుతుంది. వాళ్లు వీడియోలో మాట్లాడుకుంటుంటే నేను పక్కనుండి చూశాను. ఆమె చేతులు ఆకు మడుస్తూనే ఉంటాయి, కళ్లు మాత్రం ఈయన మీద.

"తిన్నవా?"

"తిన్న."

"ఏం తిన్నవు?"

"గదే."

"గదే అంటే ఏంది, ముసలోడా? కూరకు పేరుండదా?"

అలా ఉండేది వాళ్ల మాట. నేను పడీపడీ నవ్వేదాన్ని.

ఏసీల పనివాడికి పాములతో ఏం సంబంధం అంటారా? అబూ తలాల్‌కి ఖర్జూరపు తోట ఉంది. అందులో సెలవు రోజుల్లో కూర్చునే ఇస్తరాహా, అంటే మన గెస్ట్‌హౌస్ లాంటిది. దాని వెనక ఒక పొడుగాటి గది నిండా పాములే. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల మాత్రం చల్లదనం ఒక్క తీరుగా ఉండాలి. కొంచెం అటూ ఇటూ అయినా పాములు తిండి మానేస్తాయి. అందుకని ఏసీల మనిషి ఎప్పుడూ ఆ గదిలోనే ఉండాల్సి వచ్చింది. మొదటి రోజు భోజన్న గడపలోనే నిలబడి చేతులు జోడించాడట. అబూ తలాల్ పగలబడి నవ్వి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడట.

"నవ్వితే నవ్విండు గని టీచరమ్మ, మొక్కకుంట లోపటికి ఎట్ల వోతం? మా అమ్మ ఎండిపోయిన పుట్ట కనవడ్డా చెప్పులిడిశేది," అన్నాడు నాతో. నేను బళ్లో పాఠాలు చెబుతానని తెలిసినప్పటి నుంచి నన్ను అలాగే పిలిచేవాడు.

మొక్కుతూ మొక్కుతూనే ఎలుకల్ని వెయ్యడం నేర్చుకున్నాడు. పెట్టెలు కడగడం, గుడ్లను వేరుచేసి వెచ్చని డబ్బాలో పెట్టడం నేర్చుకున్నాడు. క్యాంపులో తోటివాళ్లు సాప్‌వాలా అని వెక్కిరించేవారట. వాటిని ముట్టుకున్న చేత్తో మా పళ్లాలు ముట్టుకోకు అని అన్నం వేరే గిన్నెలో పెట్టేవారట. చెబుతూ తనూ నవ్వేవాడు. ఆ నవ్వు చూసి ఈ మనిషికి లోపల ఏ బరువూ లేదనుకున్నాను. నా పిచ్చిగానీ.

నేను వెళ్లే సరికే విశ్వనాథం చిట్టెమ్మకు ఒక మగపామును తెచ్చి పెట్టుకున్నాడు. అబూ తలాల్ గది నుంచే, భోజన్న చేతుల మీదుగానే. మా చెల్లెలు దాన్ని అల్లుడు అనేది. "అల్లుడికి ఎలుక వేశారా? అల్లుడి పెట్టెలో నీళ్లు మార్చారా?" అంటూ మొగుణ్ణి సతాయించేది. అల్లుణ్ణి మరీ చిన్నప్పుడే తెచ్చారు, ఇప్పుడు ఈడొచ్చింది. ఆ శుక్రవారం పొద్దున విశ్వనాథం పెళ్లిపెద్దలా హడావుడి పడుతున్నాడు.

"వదినగారూ, ఇవాళ సాయంత్రం రెంటినీ కలిపేస్తున్నాను. మా గ్రూపులో ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా! ఒక్కో పిల్లనీ ఎవరికి ఇవ్వాలో కూడా మాట ఇచ్చేశాను. ఎందుకంటారా? నా దగ్గర కల్తీ ఉండదు. ఏ పాముకి ఏ పాము పుట్టిందో నాలుగు తరాలు చెప్పగలను."

"మా నాన్నగారు కూడా అంతే, గోత్రాలు అడక్కుండా మంచినీళ్లు ఇచ్చేవారు కాదు," అన్నాను నేను. చెల్లెలు కిసుక్కున నవ్వింది.

బాల్కనీలో కుళాయి దగ్గర ఏసీ జాలీలు కడుగుతున్న భోజన్న చేతిలోంచి జాలీ జారి కింద పడింది. వంగి తీయలేదు. అలాగే నిలబడిపోయాడు. ఎండ దెబ్బేమో అనుకుని వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. కప్పు చేతిలో పట్టుకున్నాడుగానీ తాగలేదు.

"టీచరమ్మ, సార్ నిజంగనే కలుపుతడా ఇయ్యాల?"

"కలుపుతాడట. ముహూర్తం కూడా పెట్టేశాడు. ఏం?"

"నీకొక మాట జెప్తా?"

"చెప్పు. కానీ నా కడుపులో మాట నిలవదయ్యా, ముందే చెబుతున్నా."

"గందుకే నీకు జెప్తున్న," అన్నాడు. "ఆ మగపాము అసలుది గాదు. అది నేను కలిపింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. విడమరిచి అడిగితే చెప్పాడు. అబూ తలాల్ దగ్గర కింగ్ స్నేక్ అని ఇంకో జాతి పాము ఉంది. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు. ఇదీ విషం లేనిదే గానీ మిగతా పాముల్ని కూడా తింటుంది. రెండు జాతుల్ని కలిపి కొత్త రంగుల పిల్లలు పుట్టించాలని అబూ తలాల్‌కి కోరిక పుట్టింది. ఆడ కింగ్ దగ్గరికి మగ కార్న్‌ను వదిలితే ఏమవుతుంది? మింగేసింది. రెండోసారి వదిలారు. రెండోదాన్నీ మింగింది. అబూ తలాల్ విసుక్కుని ఖలాస్, వదిలెయ్యమన్నాడు.

"ఆయన ఇడిశిపెట్టుమన్నడు, టీచరమ్మ. నేనే ఇడిశిపెట్టలే. నాకు మా బర్రె యాదికొచ్చింది."

"బర్రె ఏమిటయ్యా మధ్యలో?"

"మా ఇంట్ల బర్రెకు దుడ్డె సచ్చిపోయింది. పాలియ్యది, తన్నుతది. అయితే మా అమ్మ సచ్చిన దుడ్డె తోలు ఒలిపిచ్చి, వేరేదాని దుడ్డె మీద కప్పింది. బర్రె వాసన జూశి నాకింది. పాలిచ్చింది. నేను మస్తు సంబురవడ్డ. మా అమ్మేమో గోడకు ఒరిగి ఏడ్సింది. పాపం దాన్ని మోసం జేస్తున్నం బిడ్డా, పోరగాండ్లకు పాలు లేక జేస్తున్నం అన్నది."

అదే పని ఇక్కడా చేశాడు. మగ కింగ్ విడిచిన కుబుసాన్ని నీళ్లలో తడిపి, మగ కార్న్ ఒంటికి తల నుంచి తోక దాకా రుద్దాడు. ఆడది నాలుక చాపి వాసన చూసింది. తన జాతే అనుకుంది. మింగలేదు.

"మా అమ్మ పాలకోసం జేసింది. నేనెందుకు జేశిన? ఎవ్వల కడుపు కాలుతున్నదని జేశిన? అరబ్బు మెచ్చుకోవాలెనని జేశిన. యా భోజన్, నువ్వు డాక్టర్‌వి అన్నడు. గా ఒక్క మాటకు నా కాళ్లు భూమ్మీద ఆగలే."

పిల్లలు పుట్టాయి. కొన్ని తల్లిలా, కొన్ని తండ్రిలా, కొన్ని ఇటూ అటూ కాకుండా. చూపుకి బాగా ఉన్నవాటిని అమ్మేవాళ్లు. కార్న్‌లా కనిపించేవాటిని కార్న్ అనే అమ్మేవాళ్లు. వంకర వెన్నుతో పుట్టినవాటినీ, ఎవరూ అడగనివాటినీ ఫ్రీజర్లో పెట్టెయ్యమనేవాడు అబూ తలాల్.

"పెట్టావా?" అన్నాను.

తల ఊపాడు. "మొక్కిన చేతులతోటే పెట్టిన. నేను పుట్టియ్యకపోతే అవి పుట్టకపోతుండె. వంకర నడుముది ఒకటి ఆఖరు దాకా నా యేలు వట్టుకునే ఉండె, టీచరమ్మ."

నేను స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను.

"మరి విశ్వనాథానికి ఎందుకు చెప్పలేదయ్యా? అబూ తలాల్ పక్కనే ఉన్నాడనా?"

"పక్కకే ఉన్నడు. గని ఆయనకు తెలుగు రాదు గదమ్మా! సార్ తెలుగుల్నే అడిగిండు, భోజన్నా, ఇది అసలుదేనా అని. నేను తెలుగుల్నే జెప్పచ్చు, కాదు సార్ అని. ఆపేటోడు ఎవ్వడు లేడు. నవ్వుకుంట, అసలుదే సార్ అన్న."

"ఎందుకు?"

"అమ్ముడువోకుంటే దాన్ని గూడ ఫ్రీజర్ల పెట్టుమంటడేమోనని బుగులు. సార్ ఇంట్ల అయితే మంచిగ బతుకుతది అనుకున్న. బతికిద్దామనే అబద్ధమాడిన. ఇట్ల లగ్గం జేస్తడని అనుకోలే."

ఆ తర్వాత జరగబోయేది తనే చెప్పాడు. తల్లి బుద్ధి వస్తే అది చిట్టెమ్మనే మింగవచ్చు. మింగకుండా కలిస్తే ఇంకా కష్టం. పుట్టే పిల్లలు అచ్చం చిట్టెమ్మలాగే ఉంటాయి. అవి ఖోబర్ వెళతాయి, రియాద్ వెళతాయి. వాటికి మళ్లీ పిల్లలు. కొన్నవాడు నమ్మి రెంటిని ఒకే పెట్టెలో ఉంచితే ఒకటి రెండోదాన్ని తినవచ్చు. ఎందుకు తిన్నదో వాడికి ఎప్పటికీ తెలియదు.

"ఇప్పుడైతే నాకు, అరబ్బుకే ఎరుక. నేను నోరు మూసుకుంటే ఇగ ఎవ్వలికి దెల్వది. సాయంత్రం దాటితే నేను జెప్పినా ఫాయిదా లేదు."

"అయితే పోయి చెప్పు. పక్క గదిలోనే ఉన్నాడు."

"సార్ గ్రూపుల రాస్తడు. గా గ్రూపుల అబూ తలాల్ గూడ ఉన్నడు. వచ్చే నెల నా ఇకామా, ఈడ ఉండేటందుకు ఇచ్చే కార్డు, రెన్యూవల్ ఉన్నది. ఎగ్జిట్ కొట్టి పంపిస్తే ముత్యవ్వకు ఏం జెప్పాలె? పాము లగ్గం ఆపబోయి ఇంటికొచ్చిన అని జెప్పాల్నా?"

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "నువ్వు చెప్పకపోతే నేను చెప్పేస్తానయ్యా. నా సంగతి నీకు చెప్పానుగా," అన్నాను.

"జెప్పు టీచరమ్మ. నువ్వే జెప్పు," అన్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, జాలీలు బిగించి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

నేను బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. వీధి చివర బఖాలా కొట్టు దాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు. నీళ్ల సీసా కొనబోయి కొనలేదు. సంచీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చాడు. తర్వాత వెనక్కి తిరిగి, దిగినంత వేగంగా మెట్లెక్కాడు. ఆయాసపడుతూ సరాసరి పాముల గదిలోకి వెళ్లాడు. వెనకే నేను, నా వెనక చెల్లెలు.

విశ్వనాథం అల్లుణ్ణి అప్పుడే చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య ఆడిస్తున్నాడు.

"సార్, దాన్ని కలుపకుండ్రి. అది అసలుది గాదు. దాని తల్లి కింగు."

విశ్వనాథం ముందు నవ్వాడు. భోజన్న ముఖం చూశాక నవ్వు పోయింది. పామును పెట్టెలో వదిలి మూత వేసి, మెల్లగా అన్నాడు.

"నీ నోటితోనే కదయ్యా అన్నావు అసలుదే అని?"

"నా నోటితోనే అన్న సార్."

"అబూ తలాల్ అనిపించాడా?"

తప్పించుకోవాలనుకుంటే దారి చూపించాడు మా మరిది. అవును సార్ అంటే సరిపోయేది.

"ఆయన వేరేటోళ్లకు గట్ల జెప్పుమన్నడు. మీకు జెప్పుమనలే. మీకు నా అంతట నేనే జెప్పిన."

"నేను ఎంతమందికి మాట ఇచ్చానో తెలుసా? నాలుగు తరాలు చెబుతానని ఛాతీ విరుచుకుని తిరిగానయ్యా! రేపు ఇది బయటపడితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఛీ! నిన్ను నమ్మినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి."

భోజన్న తల వంచుకుని తిట్లన్నీ పడ్డాడు. తిడుతున్నకొద్దీ ముఖంలో ఏదో తేలికదనం వస్తున్నట్టు నాకే అనిపించింది. తిట్లు అయిపోతాయేమోనని భయపడుతున్నట్టు నిలబడ్డాడు.

అయిపోయాయి కూడా. విశ్వనాథం కుర్చీలో కూలబడి పెట్టె వైపు చూశాడు. ఆ చూపు కొంచెం కొంచెంగా మారింది.

"అవునూ... ఆ కింగ్ మింగకుండా ఎలా ఊరుకుంది?"

"గది అడుగకుండ్రి సార్."

"అడక్కపోతే ఎలా? పుస్తకాల్లో చదివినవాళ్లకే కుదరదే!"

"అడుగకుండ్రి సార్, దండం వెడుత. అది పాపపు పని. మా అమ్మ ఒక్క బర్రెకు దుడ్డె తోలు చూపెట్టినందుకే ఏడ్సింది. నేనైతే..."

అక్కడ ఆగాడు. కానీ విశ్వనాథం ఇంజినీరు. చటుక్కున కుర్చీలోంచి లేచాడు.

"తోలు! అంటే కుబుసం! మగ కింగ్ కుబుసం దీని తండ్రికి రాశావు కదూ? తడిపి రాశావా, పొడిదా? ఆహా! భోజన్నా, నువ్వు మామూలోడివి కాదయ్యా!" అని ఆ జారిన భుజం మీద చరిచాడు.

తిట్లకు చలించని మనిషి ఆ మెప్పుకి గోడ పట్టుకున్నాడు. తప్పు ఒప్పుకుందామని వచ్చి, ఆ తప్పు ఎలా చెయ్యాలో ఇంకొకరికి నేర్పేశాడు. నా వైపు చూశాడు. టీచరును నేనే కదా, ఇలాంటప్పుడు ఏం చెప్పాలో నాకు మాత్రం ఏం తెలుసు?

చెల్లెలే ముందుకొచ్చింది. "ఏవండోయ్, ఆ ప్రయోగాలు నా ఇంట్లో పెట్టారంటే పామునీ మిమ్మల్నీ ఒకే పెట్టెలో వేసి మూత పెడతాను."

"ఊరికే తెలుసుకుందామనే," అన్నాడు విశ్వనాథం.

"సార్, దాన్ని నాకియ్యిండ్రి. నా రూంల పెట్టుకుంట."

"మీ రూములో ఏడుగురు పడుకుంటారు. ఒకడు చూశాడంటే కర్రతో కొట్టేస్తాడు. ఇక్కడే ఉండనీ. కలపనులే."

"ఒట్టేనా సార్?"

"ఒట్టే," అన్నాడు విశ్వనాథం నవ్వుతూ.

భోజన్న ఆ నవ్వునే చూశాడు. మెట్ల దగ్గర నాతో అన్నాడు. "నేను గూడ గట్లనే నవ్వుకుంట జెప్పిన, టీచరమ్మ."

మగపాముకి ఒంట్లో బాగాలేదు, పెళ్లి వాయిదా అని గ్రూపులో రాసుకున్నాడు మా మరిది. మోసపోయానని రాయడానికి చిన్నతనం. ఆ విధంగా భోజన్న ఉద్యోగం నిలిచింది, నిజం మాత్రం ఆ గది దాటలేదు. అల్లుడి తోబుట్టువులు కొన్ని రియాద్‌లో మలాజ్ వైపు ఒక కొట్టుకి, కొన్ని ఎవరెవరి ఇళ్లకో ఎప్పుడో వెళ్లిపోయాయి. వాటి గురించి అడిగితే భోజన్న ఏసీ జాలీలు విప్పడం మొదలుపెట్టేవాడు. ఇకమీదట ఏసీలు చూస్తాను గానీ పాముల్ని కలపనని అబూ తలాల్‌తో అన్నాడట. మాఫీ ముష్కిల్, అంటే ఫరవాలేదు, అన్నాడట ఆయన. అన్నాళ్లూ పక్కన పెట్టె పట్టుకుని నిలబడ్డ బంగ్లాదేశ్ మనిషికి ఆ పని అప్పజెప్పాడు. అతను చూసి నేర్చుకున్నది భోజన్న దగ్గరే.

నా వీసా అయిపోయి నేను వచ్చేశాను. చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా ముందు భోజన్న సంగతే అడుగుతాను.

"వస్తాడక్కా, ప్రతి శుక్రవారం. ఏసీ బాగానే ఉంది కదయ్యా అంటే, ఊకనే అచ్చిన అమ్మా అంటాడు. నేరుగా ఆ గదిలోకి పోతాడు. రెండూ వేరువేరు పెట్టెల్లోనే ఉన్నాయయ్యా అని గుమ్మంలోనే చెబుతాను. అయినా పోయి, మూతలు కదిపి చూసుకుంటాడు. అప్పుడుగానీ టీ తాగడు."

"విశ్వనాథం ఏమీ అనడా?"

"మొదట్లో కసురుకునేవారు. ఈ మధ్య శుక్రవారం వస్తే తనే బయటికి పోతున్నారు."

"ఆ పాములు ఎన్నాళ్లు బతుకుతాయే?"

"ఇరవై ఏళ్లట."

"అన్నాళ్లూ వస్తాడటా?"

"నేనూ అదే అడిగానక్కా. అందులో ఒకటి పోయేదాకా అస్త అమ్మా, అన్నాడు. అని, అట్లా కోరుకోవడం కూడా తప్పే కదా అని నన్నే అడిగాడు."